ఫుజైరాలో పన్నెండో తరగతి గట్టెక్కాలంటే

ఫుజైరాలో చదివే తెలుగు పిల్లల మార్కులు మూడు చోట్ల లెక్కకొస్తాయి. బడికి గుర్తింపునిచ్చిన బోర్డు ఒకటి, ఎమిరేట్స్ విద్యాశాఖ రెండు, ఆ పైన సీటిచ్చే కాలేజీ మూడు. ముగ్గురూ అడిగేది ఒకటి కాదు. ఇంట్లో అందరూ అడిగేది మాత్రం ఒక్కటే: పర్సంటేజీ ఎంత? పర్సంటేజీ బాగానే ఉన్నా చదువు ఆగిపోయే దారులు ఈ నిబంధనల్లో చాలానే ఉన్నాయి.

దుబాయ్, అబుదాబి, షార్జాలకు ప్రైవేటు బడుల్ని చూసుకునే సొంత సంస్థలున్నాయి. ఫుజైరాకు అలాంటిది లేదు. ఇక్కడి బడుల మీద సమాఖ్య విద్యాశాఖదే నేరుగా అజమాయిషీ. ఆ గొడుగు కిందనే వేర్వేరు సిలబస్‌లు నడుస్తున్నాయి. అవర్ ఓన్ ఇంగ్లిష్ హైస్కూల్ లాంటివి సీబీఎస్ఈ బడులు. సెయింట్ మేరీస్ కాథలిక్ హైస్కూల్‌ది బ్రిటిష్ పద్ధతి. తెలుగువాళ్లలో ఎక్కువమంది చూపు సీబీఎస్ఈ వైపే ఉంటుంది. ఎప్పటికైనా సొంతూరికి తిరిగి వెళ్లాల్సినవాళ్లమనే లెక్క దాని వెనక ఉంది.

సీబీఎస్ఈ పదో తరగతిలో సబ్జెక్టుకు 80 మార్కులు రాతపరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు. రెండూ కలిపి 33 వస్తే పాస్. ఇంటర్నల్స్‌లో 20కి 20 వచ్చిన విద్యార్థికి రాతపరీక్షలో 13 వచ్చినా చాలు. మన ఎస్సెస్సీలో పాస్ మార్కు 35. ఆంధ్రప్రదేశ్ అయితే 2019లోనే ఇంటర్నల్స్‌ను పక్కన పెట్టేసింది. ఆ లెక్కన చూస్తే సీబీఎస్ఈ పది చాలా ఉదారమైన పరీక్ష. 2026 నుంచి ఏటా రెండుసార్లు పెడుతున్నారు కూడా. మొదటిది ఫిబ్రవరిలో అందరూ రాయాల్సిందే. మేలో జరిగే రెండోదానిలో మూడు సబ్జెక్టుల దాకా మార్కులు పెంచుకోవచ్చు.

ఆ ఉదారత పన్నెండో తరగతిలో కనపడదు. అక్కడ రాతపరీక్షలో విడిగా 33 శాతం, ప్రాక్టికల్స్‌లో విడిగా 33 శాతం, మొత్తంలోనూ 33 శాతం రావాలి. ఫిజిక్స్‌లో ప్రాక్టికల్స్‌కు 30కి 30 తెచ్చుకుని, రాతపరీక్షలో 70కి 20 దగ్గర ఆగిపోయిన విద్యార్థికి మొత్తం 50 మార్కులు. అయినా ఫెయిలే. పదో తరగతి లెక్క మనసులో పెట్టుకుని, ఇంటర్నల్స్ ఆదుకుంటాయనుకునే ఇళ్లలో ఈ సంగతి ఫలితాల రోజున గానీ తెలియదు. ఒక సబ్జెక్టు పోతే కంపార్ట్‌మెంట్ రాసి బయటపడొచ్చు. రెండు పోతే ఏడాది పోయినట్టే. పదో తరగతికైతే రెండింటి దాకా ఆ వెసులుబాటు ఉంది.

హాజరు 75 శాతం ఉండాలి. జబ్బు లాంటి గట్టి కారణం చూపితే బోర్డు కొంత సడలిస్తుంది. మేనమామ పెళ్లి గట్టి కారణం కాదు. పైగా సంక్రాంతికి ఊరెళ్దామనిపించే జనవరిలోనే ప్రాక్టికల్స్ మొదలవుతాయి.

గ్రేడు సంగతి ఇంకా విచిత్రం. తొమ్మిది, పదకొండు తరగతుల్లో బడులు సాధారణంగా ఇచ్చే గ్రేడు మార్కుల్ని బట్టి ఉంటుంది: 91 నుంచి పైన ఏ1, 81 నుంచి 90 దాకా ఏ2. పది, పన్నెండు తరగతుల మెమోలో కనిపించే ఏ1 అది కాదు. బోర్డు ఒక్కో సబ్జెక్టులో పాసైనవాళ్లందర్నీ మార్కుల వరసలో నిలబెట్టి ఎనిమిది సమాన భాగాలు చేస్తుంది. మొదటి భాగానికి ఏ1, తర్వాతి దానికి ఏ2, అలా చివరి భాగానికి డీ2. ఒక సబ్జెక్టులో ఎనభై వేలమంది పాసయ్యారనుకుంటే మొదటి పదివేల మందిదే ఏ1. అందువల్ల పేపరు తేలికగా వచ్చిన ఏడాది 93 తెచ్చుకున్నా ఏ2 రావచ్చు. కఠినంగా వచ్చిన ఏడాది 85కే ఏ1 దక్కవచ్చు. పిల్లవాడు పదకొండుతో పోలిస్తే వెనకబడ్డాడా లేదా అన్నది అక్షరాన్ని చూసి చెప్పలేం. మార్కును చూడాలి.

ఇక పర్సంటేజీ. దాన్ని బోర్డు అసలు వెయ్యనే వెయ్యదు. డివిజన్, డిస్టింక్షన్, మొత్తం శాతం తాము ప్రకటించబోమని సీబీఎస్ఈ 2023 డిసెంబరులో మరోసారి తేల్చి చెప్పింది. ఆరు సబ్జెక్టులు రాసినప్పుడు ఏ ఐదింటిని లెక్కలోకి తీసుకోవాలో సీటిచ్చే సంస్థే నిర్ణయించుకుంటుంది. బంధువులకు ఫోన్‌లో చెప్పే పర్సంటేజీ, కాలేజీ కట్టే పర్సంటేజీ ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

విద్యాశాఖ అడిగేవి వేరే ఉన్నాయి. అరబ్బులు కాని పిల్లలకు కూడా సాధారణంగా తొమ్మిదో తరగతి దాకా అరబిక్ తప్పనిసరి. ముస్లిం విద్యార్థులకు ఇస్లామిక్ స్టడీస్ పన్నెండు దాకా ఉంటుంది. నైతిక విద్య, దేశ సామాజిక పాఠాలు వీటికి అదనం. బోర్డు పరీక్షకు అరబిక్‌ను భాషగా ఎంచుకున్నవాళ్ల సంగతి వేరు. మిగిలినవాళ్ల బోర్డు మెమోలో ఆ మార్కు ఎక్కడా కనపడదు. కనపడని మార్కును ఖాతరు చెయ్యకపోవడం మన ఇళ్లలో అలవాటు. ఎమిరేట్స్‌లోనే పైచదువో ఉద్యోగమో చూసుకునేవాళ్లు ఈక్వివలెన్సీ కోసం వెళ్లాల్సింది మాత్రం ఆ విద్యాశాఖ దగ్గరికే. ఆ దేశ విశ్వవిద్యాలయాల్లో చేరడానికి ఇదివరకు రాయాల్సి వచ్చిన ఎమ్‌శాట్ పరీక్షను 2024లో తీసేశారు. దాంతో బడి మార్కుల బరువు ఇంకా పెరిగింది.

బ్రిటిష్ బడుల్లో ‘పన్నెండు పాస్’ అనే మాటే లేదు. ఐజీసీఎస్ఈలో, ఆ తర్వాత ఏ లెవెల్స్‌లో ఏ సబ్జెక్టుకు ఆ గ్రేడు విడిగా వస్తుంది. అన్నీ కలిపి పాసో ఫెయిలో ఎవరూ చెప్పరు. అన్ని సబ్జెక్టుల చదువు ఇంటర్‌తో సమానమా కాదా అని తేల్చేది భారతదేశంలో అయితే భారత విశ్వవిద్యాలయాల సంఘం. ఆ సంఘం ఏ లెవెల్స్‌నే కాక కింది ఐజీసీఎస్ఈ గ్రేడుల్ని కూడా చూస్తుంది. ఏ లెవెల్స్‌లో మూడు సబ్జెక్టులతో సరిపెట్టుకోవడం మామూలు కనుక, పదహారేళ్ల వయసులో చేసిన ఎంపికే దారి ఖరారు చేసేస్తుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తీసుకున్నవాళ్లు బయాలజీ లేకుండా నీట్ గుమ్మం దాటలేరు.

సొంత రాష్ట్రాల గుమ్మాలు కూడా ఒకే తీరుగా లేవు. తెలంగాణ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకిచ్చే వెయిటేజీ ఎత్తేసింది. సీబీఎస్ఈ వాళ్లయినా కనీస మార్కులుంటే చాలు, మిగతాదంతా సెట్ ర్యాంకే. ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం వెయిటేజీ ఉంది, కాబట్టి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో పోయే ప్రతి మార్కూ ర్యాంకులో తెలుస్తుంది. నిట్‌లకు జేఈఈ ర్యాంకుతో పాటు పన్నెండులో 75 శాతమైనా ఉండాలి, బోర్డులో పై 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి. లోకల్ కోటా అన్నిటికంటే కఠినం. మెడికల్ సీట్లకు తెలంగాణ 2024లో తెచ్చిన 33వ నంబరు జీవో నాలుగేళ్లు రాష్ట్రంలో చదవాలంది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దాన్ని సమర్థించింది. ఫుజైరాలో తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదివిన కరీంనగర్ పిల్లకు ఆ కోటా మామూలుగా అందదు.

ఆ లోటు కొంత పూడ్చేది గల్ఫ్ కార్మికుల పిల్లల కోటా. నిట్‌లలో విదేశాల్లో చదివే విద్యార్థుల కోసం ఉన్న దాసా పథకంలో మూడో వంతు సీట్లు వీళ్లవి. ఎమిరేట్స్ సహా ఎనిమిది దేశాల్లో పనిచేసే భారతీయుల పిల్లలు దీనికి అర్హులు. ట్యూషన్ ఫీజు డాలర్లలో కాకుండా స్వదేశీ విద్యార్థులకున్నంతే ఉంటుంది. ఎంపిక జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టే. ఇందులో ఉన్న మెలిక: పదకొండు, పన్నెండు రెండూ గల్ఫ్‌లోనే చదివి, అక్కడే పాసవ్వాలి.

తండ్రి ఉద్యోగం పోయి, వీసా రద్దయి, పదకొండో తరగతి అయ్యాక ఇంటికి తిరిగొచ్చే కుటుంబాలకు ఈ మెలికే పెద్ద దెబ్బ. సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు కలిపి ఒకే కోర్సు. నేరుగా పన్నెండులో చేరాలంటే తండ్రి బదిలీ లాంటి కారణం చూపి బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. ఇంటర్‌లోకి మారదామంటే అక్కడ మొదటి ఏడాదికే పబ్లిక్ పరీక్ష ఉంటుంది కనుక, బడి మార్కుల్తో రెండో ఏడాదిలో కుదురుకోవడం తేలిక కాదు. అలా మధ్యలో వచ్చేసిన విద్యార్థికి గల్ఫ్ కోటా పోతుంది, లోకల్ కోటాకు కావలసిన నాలుగేళ్లూ ఉండవు.