పీపా నంబరు, సీసా నంబరు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "ఈసారి మీ హాబీ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. స్టాంపులో, పాత నాణేలో అయితే ధైర్యంగా వచ్చేవాణ్ణి. నా హాబీ సింగిల్ బ్యారెల్ బోర్బన్ విస్కీ సీసాలు సేకరించటం. ఈ మాట వినగానే వెనక వరసలో కొందరు సర్దుకుని కూర్చోవటం నాకు కనబడుతూనే ఉంది! తాగమని చెప్పటానికి నేను రాలేదు. అలవాటు లేనివారు ఈ ప్రసంగం విని మొదలుపెట్టనక్కరలేదు. ఉన్నవారికి మాత్రం ఒక విషయం చెప్పాలని ఉంది. అది చివరికి తేలుతుంది.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో స్టోర్సు మనిషిని. ఎక్విప్‌మెంట్ అసిస్టెంటుగా చేరి, మాస్టర్ వారంట్ ఆఫీసరుగా 2004 ఆగస్టు 31న రిటైరయ్యాను. సర్వీసంతా బిన్ కార్డులు, బ్యాచ్ నంబర్లు, రసీదు ఓచర్లతోనే గడిచింది. ఏ వస్తువు చూసినా ఇది ఎక్కడినుంచి వచ్చింది, ఏ లాటు, ఏ ర్యాకు అని అడగటం నాకు అలవాటైపోయింది. 2006లో అమ్మాయి, అల్లుడు ఉంటున్న లూయీవిల్‌కు మొదటిసారి వెళ్ళాం. అది అమెరికాలో కెంటకీ రాష్ట్రపు పెద్ద నగరం, బోర్బన్‌కు పుట్టినిల్లు లాంటి ప్రాంతం. అక్కడొక చిన్న దుకాణంలో అల్లుడు ఒక సీసా నా చేతికిచ్చాడు. గుండ్రని సీసా, బిరడా మీద గుర్రపు రౌతు బొమ్మ. నన్ను పట్టేసింది మాత్రం ఆ లేబులు. దాని మీద చేత్తో రాసి ఉన్నాయి: ఏ తేదీన పీపా ఖాళీ చేశారు, పీపా నంబరు ఎంత, ఏ గోదాము, ఏ వరస, ఇది ఎన్నో సీసా. ఇదేమిటండీ, అచ్చంగా బిన్ కార్డే కదా అనుకున్నాను!

ముందు బోర్బన్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. అది అమెరికాలోనే తయారవ్వాలి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలివైపు కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాలోనే ఊరాలి. పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం ఆల్కహాలు మించకూడదు, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. రంగు, వాసన బయటినుంచి కలపకూడదు. ఆ ఎరుపు, ఆ తీపివాసన అంతా కాలిన చెక్క ఇచ్చిందే. 1964లో అమెరికన్ కాంగ్రెసు దీన్ని తమ దేశపు ప్రత్యేక ఉత్పత్తిగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. ప్రతిసారీ కొత్త పీపా కావాలి కాబట్టి వాడేసినవి ఇతర దేశాలకు వెళ్తాయి. స్కాట్లండ్ విస్కీ చాలావరకు ఊరేది వాటిలోనే. మన బెంగుళూరు అమృత్ వాళ్ళు కూడా అలాంటి పీపాలు వాడతారు.

మామూలుగా కంపెనీవాళ్ళు ఎన్నో పీపాల సరుకు కలిపి, ఎప్పుడు కొన్నా ఒకే రుచి వచ్చేలా చూస్తారు. సింగిల్ బ్యారెల్ అంటే అలా కలపకుండా ఒక్క పీపా సరుకే సీసాల్లోకి దించటం. పీపాలో పట్టేది సుమారు 200 లీటర్లు. ఏళ్ళు గడిచేకొద్దీ చెక్క పీల్చుకునేది కొంత, గాలిలో ఆవిరైపోయేది కొంత. ఆ ఆవిరైన భాగాన్ని వాళ్ళు "దేవదూతల వాటా" అంటారు. మన స్టోర్సు భాషలో అయితే రైటాఫ్! మిగిలింది ఏ నూట యాభయ్యో, రెండు వందలో సీసాలవుతుంది. అంతే. ఆ పీపా మళ్ళీ రాదు.

ఒకే రోజు, ఒకే ధాన్యంతో కాచిన సరుకు పక్కపక్క పీపాల్లో పోసినా ఒకేలా తయారవదు. చెక్క వేరు. గోదాములో పై అంతస్తు వేడి, కింది అంతస్తు చల్లన. వేసవిలో సరుకు చెక్కలోకి చొచ్చుకుపోతుంది, చలికాలంలో వెనక్కి వస్తుంది. ఒకే కోర్సులో ట్రైనింగయిన ఇద్దరిలో ఒకర్ని లేహ్‌కి, మరొకర్ని కొచ్చిన్‌కి పంపితే ఇరవయ్యేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకేలా ఉంటారా? ఇదీ అంతే. ఫోర్ రోజెస్ అనే కంపెనీ ఈ తేడా తగ్గించటానికే ఒకే అంతస్తు గోదాములు కట్టుకుంది. అయినా ప్రతి పీపాకీ దాని స్వభావం దానిదే.

ఈ రకం సీసాను మొదట మార్కెట్టులోకి తెచ్చినాయన మన బిరాదరీ మనిషే. పేరు ఎల్మర్ టి. లీ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ ఆర్మీ ఎయిర్ ఫోర్సెస్‌లో, బి-29 విమానాల్లో రాడార్ బంబార్డియరుగా పనిచేశాడు. యుద్ధమయ్యాక ఇంజనీరింగు చదివి, 1949లో కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని డిస్టిలరీలో చేరాడు. ఇప్పుడు దాన్ని బఫెలో ట్రేస్ అంటున్నారు. 1970ల నుంచి అక్కడి కుర్రకారు వోడ్కా మోజులో పడి బోర్బన్ అమ్మకాలు పడిపోయాయి. సరుకు గోదాముల్లోనే ఉండిపోయింది. అప్పుడు లీకి తన పాత పెద్దాయన ఆల్బర్ట్ బ్లాంటన్ గుర్తుకొచ్చాడట. ఆయన తన అతిథుల కోసం "హెచ్" గోదాము మధ్యభాగం నుంచి మంచి పీపాలు ఏరించేవాడట. ఆ పద్ధతినే వ్యాపారంలోకి తెచ్చి, 1984లో "బ్లాంటన్స్" అని ఆయన పేరు పెట్టి విడుదల చేశారు. నాకు అల్లుడు చూపించిన సీసా అదే. ఆ హెచ్ గోదాము 1935లో కట్టింది. గోడలకు రేకులు. రేకు గోడ గనుక బయటి వేడి, చలి లోపలికి త్వరగా దిగుతాయి.

ఇక్కడో తమాషా. బ్లాంటన్‌ని అందరూ "కల్నల్ బ్లాంటన్" అంటారు. ఏ రెజిమెంటు అని అడిగితే నవ్వుతారు. అది కెంటకీ గవర్నరు ఇచ్చే గౌరవ బిరుదు! కల్నల్ గారు రెజిమెంటు కల్నల్ కాదు. నిజంగా యుద్ధంలో ఎగిరిన లీ పేరుకి ముందు ఏ ర్యాంకూ లేదు. లీ 1985లో రిటైరయ్యాక 1986లో ఆయన పేరుతో కూడా ఒక సింగిల్ బ్యారెల్ తెచ్చారు. 2013లో కాలం చేశాడు.

ఇక సీసా కొనేటప్పుడు ఏం చూడాలి? మొదటిది, "సింగిల్ బ్యారెల్" అన్న మాటకి అమెరికన్ చట్టంలో నిర్వచనం లేదు. అంటే ఆ మాట కంపెనీ పరువు మీద నడుస్తున్నది. అందుకే మాట కాదు, నంబర్లు చూడాలి. పీపా నంబరు, గోదాము, తేదీ రాసినవాడు లెక్క చెప్పటానికి సిద్ధపడ్డాడన్నమాట. పెద్ద అక్షరాలతో "అరుదైనది" అని వేసి నంబరు వేయనివాడిని నేను నమ్మను. రెండోది, చట్టం గట్టిగా పట్టుకున్న మాట "బాటిల్డ్ ఇన్ బాండ్". 1897లోనే దానికి ప్రత్యేక చట్టం చేశారు. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్లో కాచి, కనీసం 4 ఏళ్ళు ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్న గోదాములో ఊరి, 50 శాతం ఆల్కహాలుతో సీసాలోకి రావాలి. కల్తీ సరుకు ఎక్కువైపోయిన రోజుల్లో జనాన్ని కాపాడటానికి వచ్చిన చట్టమది.

బ్లాంటన్స్ లేబులు మీద మాత్రం ఒక వెలితి ఉంది. పీపా ఖాళీ చేసిన తేదీ వేస్తారు, నింపిన తేదీ వేయరు. డిశ్చార్జి తేదీ ఉంది, భర్తీ తేదీ లేదు! ఎన్నేళ్ళు ఊరిందో లేబులు చూసి చెప్పలేం. ఈ తేదీని చూసే చాలామంది సీసాలు వెతుక్కుంటారు. పెళ్ళిరోజు, బిడ్డ పుట్టినరోజు పడిన సీసా దొరికితే వాళ్ళకి పండగే. నేను నా రిటైర్మెంటు తేదీ కోసం వెతికాను. మనవాళ్ళందరం నెలాఖరునే ఇంటికొస్తాం కదా. 2004 ఆగస్టు 31 దొరకలేదు. 9-1-04 దొరికింది. మా మిత్రుడొకాయన చూసి "జనవరి తొమ్మిది, దీనికేం విశేషం?" అన్నాడు. అమెరికావాళ్ళు నెల ముందు వేస్తారు. అది సెప్టెంబరు 1. యూనిఫాం లేకుండా నేను నిద్రలేచిన మొదటి ఉదయం.

దాచుకోవటం గురించి కూడా చెప్పాలి. ఇది వైన్ కాదు, పడుకోబెట్టకూడదు. ఘాటైన సరుకు బిరడాను తినేస్తుంది. సీసా నిలబెట్టాలి, ఎండ తగలకూడదు. సీసాలోకి దిగాక విస్కీకి వయసు పెరగదు. పదేళ్ళు దాచినా పదేళ్ళ పాతదనం రాదు. మూత తీశాక, సగానికి దిగితే మాత్రం గాలి తగిలి రుచి మెల్లగా పోతుంది. కస్టమ్స్ రూలు మనిషికి రెండు లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. మా ఆవిడ వాటా కూడా నేనే వాడుకుంటాను. "నా కోటా కూడా మీ సీసాలకేనా?" అని ప్రతి ప్రయాణంలోనూ అంటుంది. ఆరు ప్రయాణాల్లో 22 సీసాలు తెచ్చాను. ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తెచ్చుకునే ముందు మీ రాష్ట్రం రూలు కనుక్కోండి.

గత పదిహేనేళ్ళలో ఈ హాబీకి జ్వరం పట్టుకుంది. ఒకప్పుడు దుకాణంలో దుమ్ముపట్టి ఉన్న సీసాలకు ఇప్పుడు క్యూలు. 2013లో బఫెలో ట్రేస్ నుంచే ఖరీదైన సీసాలు మాయమయ్యాయని బయటపడింది. 2015లో తొమ్మిది మంది మీద అభియోగాలు మోపారు. అందులో లోపల పనిచేసేవాళ్ళే ఉన్నారు. స్టోర్సు మనిషిగా నాకు అది ఆశ్చర్యం కలిగించలేదు, బాధ కలిగించింది. పాత సీసాలను ఇళ్ళనుంచి లైసెన్సున్న దుకాణాలు కొనుక్కోవచ్చని కెంటకీలో 2018 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. మన దగ్గర మాత్రం లైసెన్సు లేకుండా ఒక్క సీసా అమ్మినా నేరమే. కాబట్టి "పెట్టుబడి" అనుకుని ఎవరూ ఇందులో దిగవద్దు.

కల్తీవాళ్ళకు కావలసింది ఖాళీ సీసా. అందుకే సీసా అయిపోగానే నీళ్ళలో నానబెట్టి లేబులు ఊడదీస్తాను. దాన్ని ఒక రిజిస్టరులో అంటించి, కింద ఏ రోజు తెరిచాం, ఎవరెవరు ఉన్నారు, ఏ సందర్భం అన్నది రాసి అందరి చేతా సంతకాలు పెట్టిస్తాను. ఒంటరిగా తెరవను. ఇదొక్కటే నేను పెట్టుకున్న స్టాండింగ్ ఆర్డరు. ఇరవయ్యేళ్ళకు దగ్గరగా, తెరిచినవి 17. లెక్క చూసుకోండి, ఏడాదికి ఒకటి కూడా లేదు.

ఈ ఆర్డరుకి కారణముంది. నా సెక్షన్లో పనిచేసిన ఒక మిత్రుడు, నాకంటే మంచి మనసున్నవాడు, రిటైరయ్యాక క్యాంటీన్ కోటా తెచ్చుకుని రోజూ సాయంత్రం ఒక్కడే కూర్చునేవాడు. పలకరించే యూనిట్ లేదు, వెళ్ళాల్సిన డ్యూటీ లేదు. అరవై మూడో ఏట లివరు పాడై పోయాడు. మెస్సులో పదిమందితో ఉన్నంతకాలం ఆయన గ్లాసుకి ఒక హద్దు ఉండేది. అక్కడ ఆ హద్దు పెట్టింది పక్కన ఉన్న మనుషులు.

అమెరికన్ సైనిక యూనిట్లు కొన్ని చందాలేసుకుని మొత్తం పీపానే కొంటాయి. టెనెసీలోని జాక్ డేనియల్స్ వాళ్ళు అలా అమ్ముతారు. దాన్ని బోర్బన్ అనరు, టెనెసీ విస్కీ అంటారు. సీసాలతోపాటు ఖాళీ పీపా కూడా ఇస్తారు. సీసాలు అందరూ పంచుకుంటారు, పీపా మెస్సులో ఉంటుంది. మాట ఒకటే: ఇది పంచుకునే వస్తువు.

9-1-04 సీసాను 2024 సెప్టెంబరు 1న తెరిచాం. "ఇప్పుడు దాని ధర ఎంతో తెలుసా మావయ్యగారూ?" అని అల్లుడు ఫోన్లో అన్నాడు. తెలుసన్నాను. ఐదుగురం కూర్చున్నాం. ఒకాయనకు గుండె ఆపరేషనయింది, డాక్టరు చుక్క కూడా వద్దన్నాడు. అయినా విజయనగరం నుంచి రైలెక్కి వచ్చాడు. గ్లాసు చేతిలోకి తీసుకుని చాలాసేపు వాసన చూసి, పక్కవాడి గ్లాసులో పోసేశాడు. రిజిస్టరులో మొదటి సంతకం ఆయనదే. ఈ సంవత్సరం మార్చిలో ఆయన పోయాడు. వాళ్ళబ్బాయి వచ్చి ఆ పేజీ ఫోటో తీసుకుని వెళ్ళాడు.

నా అలమరలో ఇంకా ఐదు సీసాలున్నాయి. వాటి నంబర్లు రాసి మా అబ్బాయికి ఇచ్చాను. అమ్మటానికి కాదు, ఎవరెవరిని పిలిచి తెరవాలో ఆ పేర్లతో సహా. మీలో ఎవరి దగ్గరైనా "మంచి రోజు వస్తే తెరుద్దాం" అని దాచిన సీసా ఉంటే, దానికో తేదీ వేయండి. పాత మిత్రుడికి ఫోన్ చేయండి. తాగనివాడైతే ఫిల్టర్ కాఫీ పోయండి, సంతకం మాత్రం తప్పకుండా పెట్టించండి. పీపాలో ఏమాత్రం మిగిలిందో మనకు తెలియదు కదా.

 జై హింద్.