కిస్తీ ఎప్పుడు కట్టాలి?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చిరువ్యాపారం చేసుకునే ఆడపడుచులకు అప్పు పుట్టడం ఈనాడు అంత కష్టం కాదు. కష్టమల్లా కిస్తీ దగ్గరే. హైదరాబాదు పాతబస్తీలో లక్కగాజులు చేసే ఇల్లాలినే తీసుకోండి. గాజులు బాగా అమ్ముడుపోయేది రంజాన్ నెలలో, పెళ్ళిళ్ళ రోజుల్లో. దుకాణదారు డబ్బిచ్చేది ఆ తర్వాతెప్పుడో! కిస్తీ మాత్రం వారం తిరిగేసరికి గుమ్మంలో ఉంటుంది. అది కట్టడానికి మరోచోట అప్పు. ఇలా అప్పు మీద అప్పు పేరుకునే 2010లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల గొడవ ముదిరింది. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి ప్రభుత్వం బలవంతపు వసూళ్ళను కట్టడి చేయవలసి వచ్చింది.

అహ్మదాబాదులో 1974లో 4,000 మంది శ్రామిక స్త్రీలు మనిషికి 10 రూపాయలు వేసుకుని సేవా బ్యాంకు పెట్టుకున్నారు. చదువురాని సభ్యురాలికి పాసుబుక్కులో ఫోటోయే గుర్తు. డబ్బు ఆమె పేరుననే. (మన ఇళ్ళలో ఆడవాళ్ళ పాసుబుక్కు ఎవరి బీరువాలో ఉంటుందో చెప్పనక్కరలేదు.)

మేము అడిగేది ఒక్కటే. అప్పిచ్చే ముందు "అమ్మా, నీ చేతికి డబ్బు ఎప్పుడొస్తుంది?" అని అడగండి. ఆ జవాబును బట్టే వాయిదా వేయండి. మన సంఘం అప్పు దరఖాస్తులో భర్త సంపాదనకు గడి ఉంది. ఈ ప్రశ్నకు లేదు. వచ్చే కమిటీ సమావేశానికి ముందే దాన్ని చేర్చాలని కోరుతున్నాము.