చెరువు కట్ట – తూము – మరమ్మత్తు
(సిద్దిపేటలో చేసిన ప్రసంగ పాఠము)



పెద్ద సరస్సుల ఒడ్డున పడవలు ఆగుటకు రాతి రేవులు కట్టుదురు. అలలు కొట్టి రాళ్లు కదిలినప్పుడల్లా వాటిని బాగుచేయుదురు. మన కోమటిచెరువులో కూడ ఈనాడు షికారు పడవలు తిరుగుచున్నవి. అయితే మన ప్రాంతములో అల దెబ్బ తినేది రేవు కాదు, కట్ట. కనుక కట్ట, తూము, మత్తడి గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

చెరువు కట్టుట ఎంత పనియో తెలుసుకొనవలెనంటే కడప సీమలోని పోరుమామిళ్ల శాసనము చూడవలెను. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించినది. రోజుకు 1000 మంది కూలీలు, రాయి తోలుటకు 100 బండ్లు, రెండు సంవత్సరములు పట్టినవని అందులో ఉన్నది. మంచి చెరువుకు పండ్రెండు లక్షణములు, ఆరు దోషములు కూడ చెప్పినారు. కట్టలోనుండి నీరు ఊరుట ఆ దోషములలో ఒకటి. ఆరు వందల ఏండ్లు దాటినా మన కట్టల జబ్బు అదే!

కట్ట లోపలి వాలుకు రాళ్లు పేర్చి ఉండుట మీరందరు చూచినదే. వాటి మధ్య సున్నము గాని సిమెంటు గాని లేకపోవుట పిసినారితనము కాదు. చెరువు నీరు దిగినప్పుడు మట్టిలో ఇంకిన నీరు ఆ సందుల గుండా వెనుకకు రావలెను. దారి మూసివేస్తే ఆ నీరే రాళ్లను నెట్టివేయును. రాళ్ల క్రింద మొరము పరచుట మట్టి కొట్టుకొని పోకుండుటకే. ఇక ఎక్కువ భయము తూము దగ్గర. మట్టి, రాయి కలిసేచోట సందు ఏర్పడి, ఎండ్రకాయ బొరియో చెట్టు వేరో తోడైతే, బుంగ పడును. బుంగ గండి అగుటకు ఒక్క రాత్రి చాలును.

పూర్వము నీరటి కట్ట మీద తిరిగి ఇవన్నీ చూచేవాడు. పలు చోట్ల చెరువు బాగోగులకు దశబంధ మాన్యములు ఉండేవి. బోరుబావులు వచ్చిన తరువాత చాల ఊళ్లలో చెరువు మీద చూపు తగ్గినది. 2015లో మిషన్ కాకతీయ ఆరంభమై పూడిక తీసినారు, కట్టలు బలపరచినారు. కోమటిచెరువు కట్ట అందముగా తయారైనది, మంచిదే. కాని దీపములు, రెయిలింగులు చూచి కట్ట గట్టిదనుకొనరాదు.

ఇప్పుడు క్రొత్త చిక్కు ఒకటి ఉన్నది. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ వద్ద రంగనాయకసాగర్‌కు గోదావరి నీరు వచ్చినది. మన పెద్దలు కలలో కూడ అనుకొనని మేలు అది. అయితే వెనుక ఎండకాలములో చెరువు ఎండేది, తూము బయటపడేది, మరమ్మత్తు సాగేది. కాలువ నీరు అందే చెరువు వేసవిలోను నిండియుంటే తూము అడుగు చూచేదెప్పుడు? మెదక్ దేవాలయమునకు 1924లో ప్రతిష్ఠ దినము జరిగినది. చెరువుకు అట్టి ముగింపు దినము లేదు. రైతులు, ఇరిగేషన్ వారు కూర్చుండి, కొన్ని ఏండ్లకొకసారియైనా నీరు దించే నెల ముందే నిర్ణయించుకొనవలెను.

అంతవరకు మనము చేయగలది ఒకటున్నది. వాన వెలిసిన మరునాడు కట్ట వెనుక వైపు నడిచి చూడండి. తేట నీరు కొంచెము ఊరుతుంటే గుర్తు పెట్టి, రోజూ గమనించండి. బురద నీరు వస్తుంటే లోపల మట్టి కొట్టుకొని పోవుచున్నదని అర్థము. ఆ గంటలోనే కబురు చేయండి.