పాటగాడు పట్టిన మెగాఫోన్



"గ్లాడియేటర్" చూసినవారికి రస్సెల్ క్రో కత్తి పట్టిన వీరుడిగానే తెలుసు. న్యూజిలాండులో పుట్టి, బాల్యం చాలావరకు ఆస్ట్రేలియాలో గడిపిన ఈయన 1980లలో 'రస్ లె రాక్' పేరుతో రాక్ పాటలు పాడేవాడు. మార్లన్ బ్రాండోలా కావాలని ఉందంటూ ఓ పాట రికార్డు చేశాడు. పాట సంగతి అంతంత మాత్రమే గాని, బ్రాండోకు దక్కిన ఆస్కారు 2001లో ఈయనకూ దక్కింది!

మనం జి.పి.ఎఫ్. లెక్కలు చూసుకునే ఏబయ్యో ఏట, 2014లో, మెగాఫోన్ పట్టి "ది వాటర్ డివైనర్" తీశాడు. తండ్రి వేషం తనదే. భూమిలో నీటి జాడ కనిపెట్టే ఆస్ట్రేలియా రైతు అతడు. 1915లో గాలిపోలి యుద్ధానికి వెళ్లిన ముగ్గురు కొడుకులూ తిరిగి రాలేదు. వారి అస్థికలైనా తెచ్చి తల్లి పక్కన ఉంచాలని 1919లో టర్కీ వెళతాడు. అక్కడ సాయపడింది ఒకప్పటి శత్రుసేనాధికారే. మధ్యలో హోటలు ప్రేమకథ లేకున్నా నష్టం లేదు. కొడుకుల కోసం నేల తవ్వే ఘట్టంలో మాత్రం మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. మా వాడు అమెరికాలో ఉన్నాడు లెండి.

కథకు మూలం, సమాధుల లెక్కలు చూసిన ఒక సైనికాధికారి ఉత్తరంలోని ఒకే ఒక్క వాక్యం: కొడుకు సమాధి వెతుక్కుంటూ ఆస్ట్రేలియా నుంచి ఓ ముసలాయన వచ్చాడని. ఆ వాక్యంలో ఆయన పేరు లేదు.