మృగశిరనాటి చేప ఎక్కడిది?

(సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో పెద్దల సమక్షమున ఒక విద్యార్థి బృందము చేసిన ప్రసంగపాఠము)



మన రెజిమెంటల్ బజారు రైలు స్టేషనుకు కూతవేటు దూరమున ఉన్నది. ఇచ్చట రాత్రి బండి ఎక్కినవారు మరునాటి ఉదయమునకు విశాఖపట్టణము చేరి సముద్రమును చూడవచ్చును. అయినను మా బృందములో సముద్రమును కన్నులార చూచినవారు ఇద్దరే. సముద్రజీవులనుగురించియు, అందు చేపలు తరిగిపోవుటనుగురించియు పరిశీలించి రండని మా ఉపాధ్యాయులు చెప్పినప్పుడు, ఈ రాతినేలమీద కూర్చుండి ఆ పని ఎట్లు చేయుదుమా యని మాలో మేము నవ్వుకొంటిమి. కడకు మృగశిర కార్తె మాకు దారి చూపినది.

మృగశిర ప్రవేశించు దినమున, అనగా జూన్ 7 లేక 8వ తేదీన, తెలంగాణమున మాంసాహారుల యిండ్లలో చేపకూర వండని ఇల్లు అరుదు. ఆనాడు తెల్లవారకముందే మేము ముషీరాబాదు చేపల మార్కెట్టుకు పోయితిమి. కాలు పెట్టుటకు చోటు లేదు. అమ్మువారిని ఒక్కొక్కరినే “ఈ చేప ఎక్కడిది?” అని అడిగితిమి. కొందరు విసుగుకొనిరి, బేరము సాగుచుండగా పిల్లల ప్రశ్నలు ఎవరికి ఇష్టము? చెప్పినవారిలో ఎక్కువమంది చెరువు చేప యనియో, కైకలూరు, ఆకివీడు ప్రాంతముల చెరువులనుండి మంచుపెట్టెలలో వచ్చినదనియో చెప్పిరి. సముద్రపు చేప అంతగా కానరాలేదు.

కారణము విచారింపగా తెలిసినదేమన, మనము సంవత్సరమునకెల్ల ఎక్కువగా చేప తిను ఆ దినమున దేశమున రెండు తీరములందును మరపడవల వేటకు సెలవు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పడమటి తీరమున జూన్ 1 నుండి జూలై 31 వరకు మరపడవలు సముద్రముమీదికి పోరాదు. మొదట ఈ విరామము 47 దినములు. 2015 నుండి 61 దినములైనది. చేపలు గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయు కాలమున వాటిని కదల్పరాదనుటయే దీని ఉద్దేశము. యంత్రములేని తెప్పలకును, నాటుపడవలకును ఈ నిషేధము వర్తింపదు.

అయితే రెండు నెలలు పడవ కట్టివేసినచో ఆ యింట పొయ్యి ఎట్లు వెలుగును? సముద్రములో చేపకు విరామ మిచ్చినంత సులభముగా ఒడ్డున ఆకలికి విరామ మియ్యలేము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ కాలమునకుగాను మత్స్యకార కుటుంబమునకు 2019లో 10,000 రూపాయలును, 2025లో 20,000 రూపాయలును సహాయముగా ఇచ్చినది. రెండు నెలల సంసారమునకు అది ఏపాటియో ఇల్లు నడుపు తల్లులు లెక్కకట్టగలరు.

సముద్రము అంతులేనిది గదా, అందు చేపలు తరుగుట యేమని మేమును మొదట అనుకొంటిమి. నీరు అంతులేనిదే; మేత మాత్రము అన్ని చోట్ల లేదు. గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చు ఒండ్రు తీరమునకు దగ్గరగా పరచుకొనును. ఆ సారమువలన, వెలుతురు సోకు పైనీటిలో, కంటి కగపడని సూక్ష్మమైన మొక్కలు పెరుగును. వానిని చిన్న పురుగులు, పురుగులను కవళ్ళవంటి చిన్నచేపలు, చిన్నచేపలను వంజరములు తినును. కాకినాడ ప్రక్కనున్న కోరింగ మడ అడవులవంటి చోట్ల వేళ్ళ సందులలో రొయ్యపిల్లలును, చేపపిల్లలును దాగి పెరుగును. కనుక చేపలు సమృద్ధిగా నుండునది ఒడ్డునంటిన సన్నని పట్టీలోనే. నాటుపడవవాడును అక్కడికే, మరపడవవాడును అక్కడికే. 2022 జనవరిలో విశాఖపట్టణమున రింగువలల విషయమై మత్స్యకారులకే పరస్పరము ఘర్షణ జరిగి పడవలు తగులబడినవి. చేప చాలినంత ఉన్నచోట ఇట్టి పోరు పుట్టదని మా అభిప్రాయము.

కెనడాలోని న్యూఫౌండ్లాండు తీరమున కాడ్ అను చేప శతాబ్దములుగా దొరకుచుండెను. పెద్ద ఓడలు వచ్చిన పిమ్మట 1968లో సుమారు 8 లక్షల టన్నులు పట్టిరి. 1992లో ప్రభుత్వము వేట మొత్తమును ఆపవలసివచ్చినది. దాదాపు 30,000 మంది పని కోల్పోయిరి. ఆ నిషేధము 2024లో గాని ఎత్తివేయబడలేదు. రెండు నెలల సెలవు ఈయనిచోట ముప్పది యేండ్ల సెలవు వచ్చినది.

సముద్రము మనకు దూరమనుకొంటిమి గాని, తీరమంతటికి చేపల జాడ చెప్పు కార్యాలయము మన హైదరాబాదులోనే ఉన్నది. 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రమువారు ఉపగ్రహముల సాయమున నీటి వేడిమిని, అందలి పచ్చదనమును కనిపెట్టి, చేపలు కూడు తావులను తెలుపుచుందురు. నిషేధకాలమున ఆ సూచనలు ఇయ్యరు.

సెలవు ముగిసిన పిదప జూలైలో మరల మార్కెట్టుకు పోయితిమి. ఈసారి సముద్రపు చేప ఉన్నది. కేరళలో 2015లో చేపలకు కనీసపు కొలత విధించిరనియు, కానాగంత 14 సెంటీమీటర్లకు తక్కువైనచో పట్టరాదనియు తెలిసికొని, అంత పొడవు దారము తుంచి వెంట తీసికొనిపోయితిమి. ఒక గంపలో దారముకన్న పొట్టివి అనేకము కనబడినవి. మాలో ఒకరు తొందరపడి “వీటిని అమ్ముట తప్పు గదా!” అనగా ఆ అవ్వ కోపగింపక, “పైసలున్నోడు పెద్దది కొంటడు బిడ్డా. లేనోళ్లు ఏం తినాలె?” అన్నది. మాకు మారుమాట రాలేదు. దారము జేబులో పెట్టుకొంటిమి. ఆమె మాటకు సమాధానము మాకు నేటికిని పూర్తిగా తెలియదు. ఆ చిన్నది మరికొన్ని నెలలు నీటిలో నున్నచో అదే గంపకు ఎక్కువ తూకము వచ్చునన్నది నిజమే. కాని ఆ కొన్ని నెలలు ఎవరు ఓర్చుకొనవలెను?

గ్రామములనుండి వచ్చిన పెద్దలకు ఇది సముద్రపు మాటగా తోచవచ్చును. పుస్తెలమ్మియైన పులస తినవలెనని గోదావరి ప్రాంతపు సామెత. ఆ పులస సముద్రపు చేపయే. గ్రుడ్లు పెట్టుటకు వరదకు ఎదురీది నదిలోనికి వచ్చి వలలో పడును. మన చెరువు మత్తడి దుమికినప్పుడు ఎదురెక్కు పరకలును జెల్లలును చేయునది అదే ప్రయాణము. గంపలు, చీరలు అడ్డుపెట్టి మనము పట్టునది గ్రుడ్లతో నిండిన తల్లిచేపను. బొచ్చె, రవ్వ నిలువ నీటిలో పిల్లలు చేయవు గనుక 2016 నుండి తెలంగాణ ప్రభుత్వము వాటి పిల్లలను చెరువులలో వదలుచున్నది. పరకలకు, జెల్లలకు అట్లు వదలువారు లేరు. కొర్రమీను ఒడ్డున తుంగలో గ్రుడ్లు పెట్టి, ఎర్రని పిల్లల గుంపును కాచుకొని తిరుగును. అప్పుడు తల్లిని పట్టినచో గుంపంతయు ఇతర చేపల పాలగును. ఈ మాట మాకు పుస్తకము చెప్పలేదు. మాలో ఒకరి తాతగారు చెప్పిరి.

మా పనిలో చెరువుల భాగము ఇంకను ఖాళీగా నున్నది. ఈసారి మీ ఊరి మత్తడి దుమికిన దినమున ఏయే చేపలు ఎదురెక్కినవో, మీ చిన్ననాట కనబడి నేడు కనబడని చేప ఏదియో, ఒక కార్డుముక్కమీద వ్రాసి ఈ పత్రిక సంపాదకులకు పంపుడు. వారు మాకు అందజేయుదురు. చేప పేరు మీ ఊరివారు పిలుచునట్లే వ్రాయుడు.