తిరిగి కట్టిన ట్యూబును పరీక్షించుట



సంతలో పాత ఇత్తడి గుండిగను కొనువారు దాని కళాయిని చూచి మురిసిపోరు. వ్రేలితో కొట్టి ధ్వని విందురు. వెలుతురునకెత్తి అడుగున చిల్లులున్నవేమో చూతురు. కళాయి నిన్న పూసినది కావచ్చును, ఇత్తడి మాత్రము ముప్పదియేండ్ల నాటిది. ఇది మనకెవ్వరికిని క్రొత్తమాట కాదు. అయినను ఇట్టి పరీక్షనే ఒక గాజు ట్యూబునకు చేయవలసి వచ్చినపుడు నేనును నా మిత్రులును మోసపోతిమి. ఆ వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

2003వ సంవత్సరమున మా యూరి గ్రంథాలయమునకు ఒక దాత పాత ప్రొజెక్టరు నొకదానిని ఇచ్చెను. దానికి మూడు కన్నులు: ఎరుపు, ఆకుపచ్చ, నీలము. పిల్లలు దానికి ముక్కంటి యని పేరు పెట్టిరి. ఒక్కొక్క కంటివెనుక ఏడంగుళముల ముఖము గల ట్యూబు కలదు. మూడు రంగుల వెలుగులును గోడమీద ఒక్కచోట కలిసిననే గాని బొమ్మ సరిగా నేర్పడదు. అట్టి యంత్రములు నేడు క్రొత్తగా తయారగుట లేదు. వానిని మక్కువతో కాపాడుకొనువారు మాత్రము పలుదేశములందు ఉన్నారు.

జర్మను శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండు బ్రౌను 1897లో చేసిన గొట్టమే ఈ ట్యూబులకన్నిటికి మూలపురుషుడు. ట్యూబులో గాలి యుండదు. మెడలో నొక చిన్న లోహపు తొడుగుపై బేరియము, స్ట్రాన్షియము అను ధాతువుల భస్మము పూయబడియుండును. దీనిని కాథోడు అందురు. దానిని కాచినపుడు ఎలక్ట్రానులు వెలువడును. ముప్పదివేల వోల్టుల పైబడిన విద్యుత్తు వానిని లాగికొనిపోయి ముఖమునకు లోపలివైపున నున్న ఫాస్ఫరు పూతకు తాకించును. ఆ పూత వెలుగును. కాలక్రమమున భస్మమును సారము తప్పును, పూతయు కాలి నల్లబడును. వృద్ధాప్యము రెండుచోట్ల వచ్చునని గుర్తుంచుకొనుడు.

తిరిగి కట్టువారు మెడను కోసి, పాత కాథోడుతో గూడిన సరంజామా నంతయు తీసివైచి, క్రొత్తదానిని క్రొత్త మెడతో సహా మంటపై అతికింతురు. పిమ్మట ట్యూబును కొలిమిలో కాచుచు, పంపుతో గాలిని తోడి, మూతి మూయుదురు. ఇది మిక్కిలి ఓర్పుగల పని. దానిని చేయువారిని నేను నిందింపను. కాని మెడ క్రొత్తదైనను ముఖము పాతదే. ముఖపు పూతను కడిగి మరల పూయుట వేరొక పని. అది జరిగినదో లేదో అడిగి తెలిసికొనవలయును. మేము అడుగలేదు.

మా ఆకుపచ్చ ట్యూబు మసకబారగా, పట్టణమున నొక వర్తకుడు తిరిగి కట్టిన దానిని చూపెను. వెలిగింపగా మిట్టమధ్యాహ్నమువలె నుండెను. ఊరివారి చందాలనుండి పదునొకండువేల రూపాయలిచ్చి తెచ్చితిమి. నాలుగు మాసములు గడువకముందే పచ్చదనము తగ్గి, గోడమీది వరిచేలు వంగపండు రంగునకు తిరిగెను. చందా యిచ్చిన వారి మొగము చూచుటకు నాకు చాలకాలము సిగ్గయ్యెను.

అప్పుడొక వృద్ధుడగు మరమ్మతుపనివాడు వచ్చి ట్యూబును చూచి, "మాస్టారూ, అంగడిలో దీనికి ఎన్ని వోల్టులిచ్చి చూపించినారో అడిగినారా?" అనెను. కాథోడును కాచు తీగకు సాధారణముగా 6.3 వోల్టులు చాలును. ఎక్కువ ఇచ్చినచో నీరసించిన ట్యూబు సైతము కొంతకాలము ప్రకాశించునట. చచ్చుచున్న ఎద్దుకు కల్లుపట్టి సంతకు తోలినట్లే యనుకొంటిని. ఆయన పరీక్ష దీనికి సరిగా విపర్యయము: వోల్టులను కొంచెము తగ్గించి చూచెను. మంచి కాథోడు ఆ కొరతను ఓర్చుకొని వెలుగు నిలుపును. బలహీనమైనది వెంటనే క్రుంగిపోవును. మాది క్రుంగిపోయెను.

తరువాత ఆయన మెడలోపలి గాజుపై నున్న మచ్చను చూపెను. మిగిలిన గాలిని పీల్చుటకై అచ్చట బేరియమును ఆవిరిచేసి అంటింతురు. దానికి గెట్టరని పేరు. అది అద్దమువలె మెరయుచుండిన మేలు. పాలవలె తెల్లబడినచో లోనికి గాలి చొచ్చినదని అర్థము. ఇంక ఆ ట్యూబుతో పనిలేదు. అతుకును గూడ చూడవలయును: బుడగలుండరాదు, మెడ వంగియుండరాదు. మెడ వంకర యైనచో గోడమీది చుక్క గుండ్రముగా నుండక సాగిపోవును.

ముఖమును పరీక్షించుటకు ఒక్కొక్క ట్యూబునే వెలిగించి, బొమ్మ లేకుండ గోడనిండ ఒక్కటే రంగు నింపవలయును. పాతబొమ్మల నీడలు, నడుమ నల్లని చతురస్రము కానవచ్చినచో అది పూత కాలిన గుర్తు. ఎంత మంచి కాథోడు వేసినను ఆ మచ్చ పోదు. పిదప సన్నని చుక్కలను నడుమను, మూలలందును, తక్కువ వెలుగునను, ఎక్కువ వెలుగునను చూడవలయును. వెలుగు పెంచినకొలది చుక్క ఉబ్బిపోవుట మంచి లక్షణము కాదు. నీలపు ట్యూబు విషయమున మాత్రము తొందరపడి తీర్పు చెప్పరాదు. నీలపు ఫాస్ఫరు త్వరగా తృప్తినొందును. అధికముగా వెలిగించుటకై దాని చుక్కను కావలెననియే కొంచెము మసకగా నుంచుట కలదు. నేనిది యెరుగక ఒక మంచి ట్యూబును త్రిప్పి పంపితిని.

ఈ పరీక్షలను తెలిసినవాని చేతనే చేయింపవలయును. యంత్రము నార్పిన పిదపను విద్యుత్తు లోపల దాగియుండును. గాజు పగిలెనా, ముక్కలు బాణములవలె చిమ్మును.

అమెరికాలో ట్యూబులను తిరిగి కట్టు కడపటి కర్మాగారము హాకై 2010లోను, ఐరోపాలోని కడపటిదగు ఫ్రాన్సు దేశపు రాక్స్ 2013లోను మూతపడినవి. కావున నిలువ సరకు చేతులు మారుచున్నది. నిలువలో నున్న ట్యూబునకు సన్నని కన్నమున్నచో గాలి మెల్లగా చేరును. కొన్నవెంటనే ఒకమారును, కొన్ని వారముల పిదప ఇంకొకమారును కొలిచి పోల్చి చూచుట యందుకే.

మేము రెండవమారు ట్యూబు కొనినపుడు ఆ వృద్ధుడే మాతో వచ్చి మూడు గంటలు కూర్చుండెను, వర్తకుడు విసుగుకొనెను. ఆ ట్యూబు ముఖమున చిన్న మచ్చ యొకటి యున్నదని ముందే చెప్పి, ధర తగ్గించి ఇప్పించెను. అది ఎన్ని గంటలు వెలిగినదియు గ్రంథాలయపు నోటుపుస్తకములో ఆయన చెప్పినట్లే వ్రాయుచున్నాము. కడపటి పుటలో 2,340 అని యున్నది. వరిచేలు పచ్చగానే యున్నవి.