మాదన్నపేట నుంచి కోటగుళ్ళు: ఒక బైకు, ఇద్దరం, మోకాళ్ళ దాకా బురద

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది "అన్నా, రామప్ప చూసినం, ఇంకేముంది అక్కడ?" అని అడిగారు. ఉంది. రామప్పకు పది కిలోమీటర్లు అటూ ఇటూగా గణపురంలో కోటగుళ్ళు ఉన్నాయి. ఒక్క ప్రాకారం లోపల ఇరవై రెండు గుళ్ళు. సగం నిలబడ్డవి, సగం కూలినవి.

మేం ఇద్దరం ఒకటే బైకు మీద బయల్దేరాం. తెల్లారి నాలుగున్నరకి మాదన్నపేట మండీలో కూరగాయల బండ్లు అప్పుడే దిగుతున్నాయి. మన పేటకు ఆ పేరు తానీషా మంత్రి మాదన్న వల్ల వచ్చిందంటారు. అదింకో ఎపిసోడ్‌లో చెప్తా. ఉప్పల్, భువనగిరి, జనగామ, హన్మకొండ... అక్కడిదాకా రోడ్డు మస్తుగా ఉంది. టిఫిన్ చేసి ములుగు దాటాక వాన మొదలైంది.

అసలు కథ రామప్ప దగ్గర్నుంచి. జులై నెల, నాట్లు నడుస్తున్నాయి. పొలంలోంచి కేజ్ వీల్ ట్రాక్టర్లు రోడ్డెక్కితే ఆ మట్టంతా తారు మీదే. పైన చినుకు పడిందా, సబ్బు రాసినట్టే. రెండుసార్లు జారాం. రెండోసారి ఇద్దరం బండితో సహా మడి గట్టు మీద పడ్డాం. నాటు వేస్తున్న అక్కలు పాట ఆపి నవ్వారు, తర్వాత వాళ్ళే వచ్చి బండి లేపారు. ఆ పైన పంక్చర్. రెండు కిలోమీటర్లు నెట్టుకుంటూ పోయాం. పది కిలోమీటర్ల దారికి రెండున్నర గంటలు!

లోపలికి అడుగుపెట్టాక మాత్రం ఇద్దరికీ మాట రాలేదు. నడుమ పెద్ద శివాలయం, చుట్టూ చిన్న గుళ్ళు, గడ్డిలో ఎక్కడపడితే అక్కడ చెక్కిన రాళ్ళు. ఏనుగు మీద సింహం బొమ్మను చూడండి, వాన నీళ్ళు దాని మీంచి కారుతున్నాయి. ఇవి కాకతీయ గణపతిదేవుడి కాలంవి. ఆయన 1199 నుంచి 1262 దాకా ఏలాడు. పక్కనే గణపసముద్రం చెరువు. గుడి కడితే చెరువూ తవ్వడం కాకతీయులకు అలవాటే.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నేను ఒక పడిపోయిన దూలం రాయి ఎక్కి కూర్చున్నా, రీల్ కోసం. మా వాడు ఫోన్ పట్టుకున్నాడు. అవతల గడ్డి కోస్తున్న ఒక అవ్వ కొడవలి ఆపి, "బిడ్డా, దిగు. గది బండ గాదు, గుడి" అంది. అరవలేదు, తిట్టలేదు. "ఊకె రాయే కదా అవ్వా" అన్నా. "నీకు రాయి. రేపు మళ్ళ కడితే ఏడ పెడ్తరో గీ రాయికే ఎరుక" అంది.

వచ్చాక చదివితే అవ్వ మాట అక్షరాలా నిజం. కాకతీయులు చాలా గుళ్ళకు పునాది గోతిలో ఇసుక నింపి దానిపైన రాళ్ళు పేర్చారు. ఆ ఇసుక జరిగితే స్తంభాలు ఒరుగుతాయి. హన్మకొండ వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని పూర్తిగా విప్పి, రాళ్ళకు నంబర్లు వేసి మళ్ళీ కట్టారు. 2006 ప్రాంతంలో విప్పితే 2024లో గానీ తెరవలేదు. అంత పనికీ ఆధారం ఏ రాయి ఎక్కడిదో తెలియడమే. కోటగుళ్ళలో పడిన రాయి పడినచోటే ఉంటే, అది ఏ గుడిదో చెప్పగలరు. మనం ఫోటో కోసం దొర్లించామా, ఆ లెక్క పోయింది. గుప్తనిధుల పిచ్చోళ్ళు పాత గుళ్ళను తవ్విపోస్తారని మనమే తిడతాం కదా!

రామప్పకు 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది, బస్సులు వస్తున్నాయి. ఇక్కడ ఆ రోజు మేం ఇద్దరం, అవ్వ, నాలుగు మేకలు. నాకు నచ్చింది ఇదే, భయమేసిందీ ఇందుకే.

ఆ రీల్ పెట్టలేదు. అంతకుముందు ఇంకో పాత గుడిలో నంది మీద కూర్చుని తీసింది ఒకటుండె, నా ఛానల్‌లో ఎక్కువ మంది చూసింది అదే. అదీ తీసేశా. మా వాడు ఇంకా అలిగే ఉన్నాడు.

వెళ్ళేవాళ్ళకు: నాట్ల టైంలో బైకు వద్దు, చలికాలం పోండి. పంక్చర్ కిట్ పెట్టుకోండి. నీళ్ళు, తినేది వెంట తీసుకెళ్ళండి. వచ్చే ఎపిసోడ్ మాదన్న మీద. ఉంటా మరి.